పెద్ద విమానాశ్రయంలో చిన్న విమానం

1994 నవంబరు 22, రాత్రి పది దాటింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో అప్పుడే దిగిన సెస్నా 441 అనే చిన్న విమానం ప్రయాణికులను దింపేసి తిరుగు ప్రయాణానికి కదిలింది. 31వ రన్‌వే మీదికి వెళ్లి ఆగమంది కంట్రోల్ టవర్. పైలట్ వెళ్లి ఆగింది ‘30 కుడి’ రన్‌వే మీద. డెన్వర్ వెళ్లే టీడబ్ల్యూఏ సంస్థ జెట్ ఎండీ-82 అదే రన్‌వేపై పరుగందుకుంది. దాని పైలట్లు ఎదురుగా ఉన్న విమానాన్ని చివరి క్షణంలో చూసి బ్రేకులు వేశారు, పక్కకు తిప్పారు. అయినా జెట్ రెక్క సెస్నాకు తగిలింది. సెస్నాలోని ఇద్దరూ చనిపోయారు. జెట్‌లోని 140 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

31 అని చెబితే 30కి ఎందుకు వెళ్లాడు? తాను దిగింది ‘30 కుడి’ మీదే. పైలట్ల కోసం రేడియోలో వినిపించే విమానాశ్రయ సమాచారంలోనూ వాడుకలో ఉన్నవిగా ‘30 కుడి’, ‘30 ఎడమ’ పేర్లే ఉన్నాయి. 31ని వాడేది అరుదు. తనకిచ్చింది ‘30 కుడి’ అనే పైలట్ పొరబడ్డాడని దర్యాప్తు తేల్చింది. అది నిజమే, కానీ అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. మనసు ఒకటి అనుకుని ఉంటే చెవికి మరొకటి ఎక్కడం కష్టం.

ఒకే రన్‌వే ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో దారి తప్పడానికి తావే లేదు. పెద్ద విమానాశ్రయంలో నాలుగైదు రన్‌వేలు, వాటి మధ్య విమానాలు నేల మీద నడిచే దారులు, అంటే అక్షరాలు, అంకెలతో పేర్లున్న టాక్సీవేలు. రాత్రయితే ఎటు చూసినా నీలం దీపాలు. జెట్‌లో ఇద్దరు పంచుకునే పనిని చిన్న విమానంలో తరచూ ఒక్కరే చేయాలి: కాళ్లతో విమానాన్ని నడపాలి, మ్యాపు చూడాలి, రేడియో వినాలి. వెనక జెట్లు కాచుకుని ఉంటే ‘మళ్లీ చెప్పండి’ అనడానికి మొహమాటం. నిజానికి దారి తెలియని పైలట్ అడిగితే టవర్‌లోని కంట్రోలర్ మలుపు మలుపుకీ దారి చెబుతాడు.

కంట్రోలర్‌కూ కనిపించకపోతే? 2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలన్ లినాటెలో దట్టమైన పొగమంచు. నేల మీది విమానాలను చూపే రాడార్ పనిచేయడం లేదు. ఆర్5 టాక్సీవేలో వెళ్లాల్సిన ఒక చిన్న సెస్నా జెట్ ఆర్6 పట్టింది. తానున్న చోటి గుర్తు ఎస్4 అని పైలట్ చెప్పినా, అదెక్కడుందో కంట్రోలర్‌కు తెలియదు. ఆ జెట్ నేరుగా రన్‌వే మీదికి వెళ్లింది. టేకాఫ్‌లో ఉన్న ఎస్‌ఏఎస్ సంస్థ ప్రయాణికుల జెట్ ఎండీ-87 దాన్ని ఢీకొట్టింది. 118 మంది చనిపోయారు, వారిలో నలుగురు నేల మీద పనిచేస్తున్నవాళ్లు.

ఇక జెట్ల వెనక గాలి సంగతి. ఆగిన జెట్ మళ్లీ కదలాలంటే ఇంజన్ల జోరు పెంచాలి. వెనక ఉన్నవాళ్లకు ప్రమాదం అప్పుడే. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172 పూర్తి బరువుతో కూడా దాదాపు 1,100 కిలోలే. రెక్క కింద ఆ గాలి దూరితే తిరగబడగలదు. దీనికి విరుగుడు దూరంగా ఆగడమే.

ఎటొచ్చీ నాకు మింగుడుపడనిది అమెరికాలోని ఒక పాత నియమం. ఫలానా రన్‌వేకి వెళ్లమని కంట్రోలర్ చెబితే చాలు, దారిలో అడ్డొచ్చే మిగతా రన్‌వేలన్నీ దాటేయడానికీ అనుమతి ఇచ్చినట్టే. ప్రతి రన్‌వే దాటడానికీ విడిగా అనుమతి ఉండాలన్న మార్పు అక్కడ 2010 జూన్ 30న గానీ అమల్లోకి రాలేదు.