మిషన్‌కి రూపాయి తెలియదు

ఆ రోజు పదో తరగతికి లెంజ్ నియమం చెప్పాలి. చెప్పలేదు. రైల్వే స్టేషన్‌లో బరువు చూసే మిషన్ మాట ఏదో సందర్భంలో వస్తే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, దాంట్లో మనిషి ఉండడు గదా! మనం వేసింది రూపాయి బిళ్ళో రేకు బిళ్ళో దానికి ఎట్టా తెలుస్తుంది?"

ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. సాయంత్రం పాత సామాన్ల కొట్టుకెళ్ళి, ఇనుప తుక్కులో గాలించి, పిడికిలంత పెట్టె ఒకటి కిలోల లెక్కన కొనుక్కొచ్చాను. దాన్ని కాయిన్ మెక్ అంటారు.

ఆ బరువు మిషన్‌ని మీకు నేను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. గిర్రున తిరిగే రంగుల చక్రం, వెలిగి ఆరే బల్బులు, కాసేపటికి టక్కున పడే అట్టముక్క. ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకమో సినిమా తార బొమ్మో. కిరాణా కొట్ల ముందు వేలాడిన కాయిన్ బాక్స్ ఫోన్, వీడియో గేమ్ పెట్టె, ఇప్పుడు మాల్స్‌లో బొమ్మల్ని పట్టే కొక్కెం మిషన్, అన్నీ ఆ కుటుంబంవే. ఈ వ్యాపారంలో ఉన్న ఆకర్షణ ఒక్కటే. పెట్టెను ఎవరిదో కొట్టులో పెట్టి మనం ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు. జీతం లేదు, అద్దె బదులు వచ్చినదాంట్లో వాటా. ప్రమాదమూ అక్కడే ఉంది. మనం నిద్రపోతున్నప్పుడు పెట్టె ముందు నిలబడేవాడు ఎవడో మనకు తెలియదు. కాపలా అంతా ఆ పిడికిలంత మెక్కే.

ఇది మొదట పుట్టింది గుళ్ళో. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన తీర్థం పోసే పెట్టె గురించి రాశాడు. ఐదు ద్రాక్మాల నాణెం వేస్తే అది ఒక పళ్ళెంలో పడుతుంది. ఆ బరువుకి పళ్ళెం వంగి, మీట రెండో కొస లేచి, నీటి మూత తెరుచుకుంటుంది. నాణెం జారి కింద పడగానే పళ్ళెం పైకొచ్చి మూత పడుతుంది. పూజారి అక్కడ నిలబడే పని లేదు. మనకు తెలిసినలాంటి భక్తులు అక్కడా ఉండే ఉంటారు గనక, గులకరాయి వేసి తీర్థం తాగినవాడు తప్పకుండా ఉంటాడని నా అనుమానం. హీరో పెట్టెకి బరువు తప్ప ఇంకేమీ తెలియదు.

నేను తెచ్చిన మెక్ ఆ గులకరాయికి జవాబు. మర్నాడు క్లాసులో మూత తీసి చూపించాను. కరెంటు లేదు, బ్యాటరీ లేదు.

బిళ్ళ సందులోంచి దిగి ముందు రెండు కొమ్ముల చిన్న ఊయల మీద పడుతుంది. బిళ్ళ చిన్నదైతే కొమ్ముల మధ్యలోంచి జారి తిరిగి మన చేతికొస్తుంది. పరిమాణం సరిపోయి బరువు తక్కువైతే ఊయల వంగదు, బిళ్ళ అక్కడే కూర్చుంటుంది. బరువూ సరిపోతే ఊయల వంగి బిళ్ళను ఏటవాలు పట్టీ మీదకు దొర్లిస్తుంది. ఇంతవరకూ హీరో కూడా చెయ్యగలిగేవాడేమో. అసలు తెలివి ఆ పట్టీ పక్కనుంది. అక్కడొక అయస్కాంతం.

ఇనుప బిళ్ళైతే దానికి అతుక్కుపోతుంది. మిషన్ మీద ఉండే రిటర్న్ మీట నొక్కితే లోపల ఒక చెయ్యి వచ్చి దాన్ని గీకి కింద పడేస్తుంది. రాగి, అల్యూమినియం బిళ్ళలు అతుక్కోవు. కానీ అయస్కాంతం ముందునుంచి దొర్లేటప్పుడు వాటిలో సుడులు తిరిగే కరెంటు పుడుతుంది, ఎడ్డీ కరెంటు. ఆ కరెంటు తన పుట్టుకకు కారణమైన కదలికనే ఎదిరిస్తుంది. నిన్న చెప్పకుండా వదిలేసిన లెంజ్ నియమం ఇదే! కరెంటు బాగా పారే లోహమైతే ఎదురు ఎక్కువ, వేగం తగ్గిపోతుంది. రాగి, నికెల్ కలిసిన నాణెంలో కరెంటు అంత బాగా పారదు, అందుకని దాని పరుగు పెద్దగా తగ్గదు. పట్టీ అంచున బిళ్ళ గాల్లోకి దూకుతుంది. నెమ్మదిగా వచ్చినది దగ్గరలో పడుతుంది, అది తిరుగుదారి. సరైన వేగంతో వచ్చినది ఎదురుగా ఉన్న ఉక్కు దిమ్మెకు తగిలి ఎగిరి అసలు గొట్టంలో పడుతుంది. సీసపు బిళ్ళ దిమ్మె దాకా వచ్చినా ఎగరదు, చప్పగా కింద పడుతుంది. ఇన్ని పరీక్షలూ అయ్యేది మనం రెప్ప వేసేలోపు.

ఒక రాగి గొట్టం నిలబెట్టి, అందులో అయస్కాంతం వదిలి పిల్లలకు చూపించాను. అది మెల్లగా, తేలుతున్నట్టు దిగింది. "సార్, మళ్ళీ" అన్నారు. పీరియడ్ అయిపోయేదాకా మళ్ళీ మళ్ళీ వేశాం.

ఒక చిక్కు మాత్రం నన్ను ఆ రాత్రంతా తొలిచింది. నేను తెచ్చిన మెక్‌లో అయస్కాంతం ఉండాల్సిన గూడు ఖాళీ! దాని స్థానంలో నేను ఇంట్లో ఉన్నది బిగించాల్సి వచ్చింది. ఎవరు పీకారు? జవాబు నా జేబులోనే దొరికింది. 1980ల రూపాయి రాగి-నికెల్‌ది, 26 మిల్లీమీటర్లు, 6 గ్రాములు. 1992 నుంచి వచ్చినది ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. ఆ ఉక్కు అయస్కాంతానికి అతుక్కుంటుంది. అంటే దొంగ ఇనుప బిళ్ళను పట్టడానికి పెట్టిన కాపలావాడు అసలు రూపాయినే పట్టుకోవడం మొదలెట్టాడు. మిషన్ గలాయన ఏం చేస్తాడు, అయస్కాంతం పీకేశాడు. ఆ తర్వాత ట్రాక్టర్ రిపేరు షెడ్డులో దొరికే వాషర్ కూడా రూపాయిలాగే చెల్లి ఉంటుంది.

మా ఊరికి ఇంకో ఇబ్బంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. ఆ తెల్లటి దుమ్ము ఆకు మీదా, సైకిల్ చైన్ మీదా వాలినట్టే మెక్ లోపలా వాలుతుంది. తేమ తగిలి, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, గోడకు వేసిన సున్నంలాగే గట్టిపడుతుంది. ఏటవాలు పట్టీ మీద వెంట్రుక మందం గరుకు చాలు, బిళ్ళ వేగం మారిపోయి నిఖార్సైన రూపాయి కూడా వెనక్కి వచ్చేస్తుంది. నా మెక్ లోపల నేను గోకి తీసిన పెళుసు పొర మీద నిమ్మరసం వేస్తే బుడగలొచ్చాయి.

తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ మెక్ ఈ గోల చాలావరకు తప్పించింది. ఇందులో మూడు తీగచుట్లు వరసగా ఉంటాయి. మొదటి రెండింటి మధ్య మనమే ఒక నమూనా బిళ్ళ పెట్టి బిగిస్తాం. వేసిన బిళ్ళ రెండో, మూడో చుట్ల మధ్యనుంచి పడుతుంది. రెండు వైపులా అయస్కాంత ప్రభావం సమానమైన క్షణంలో, మిర్చి యార్డులో కాటా ముల్లు నడిమికి వచ్చినట్టు, సంకేతం సున్నా అవుతుంది. అప్పుడే గేటు తెరుచుకుంటుంది. రూపాయంటే ఏమిటో దీనికి ఎవరూ నేర్పరు. "ఇదుగో ఇలాంటిది వస్తే పంపు" అంటాం, అంతే. దీన్నీ మోసం చేశారు. గ్యాస్ స్టవ్ లైటర్‌ని పెట్టె దగ్గర టిక్కుమనిపిస్తే ఆ నిప్పురవ్వ నుంచి పుట్టే రేడియో తరంగాన్ని సర్క్యూట్ బిళ్ళ అనుకుని ఆట ఇచ్చేది. బిళ్ళకు దారం కట్టి మళ్ళీ పైకి లాగడం సరేసరి, అది అన్ని దేశాల పిల్లలకూ ఎవరూ చెప్పకుండానే వచ్చిన విద్య.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1972లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఆండీ క్యాప్స్ అనే బారులో అటారీ వాళ్ళు పాంగ్ ఆట పెట్టె పెట్టారు. కొన్నాళ్ళకే పాడైందని కబురొస్తే, దాన్ని తయారుచేసిన అల్ ఆల్కార్న్ వెళ్ళి తెరిచాడు. ఆట బాగానే ఉంది, డబ్బులు పడే డబ్బా నిండి పొర్లింది! ఇలాంటి పెట్టెలకు చట్టంతోనూ గొడవే. న్యూయార్క్‌లో 1942లో, బిళ్ళ వేసి బంతిని కొట్టే పిన్‌బాల్‌ని జూదమని నిషేధించారు. 1976లో రోజర్ షార్ప్ నగర మండలి వాళ్ళ ముందు, బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి మరీ కొట్టి, ఇది చేతి నేర్పని ఒప్పించాడు. మన దగ్గరా వాదం ఇదే. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అంది. 1974 నాటి మన గేమింగ్ చట్టం అప్పట్లో నేర్పు ఆటలను నిషేధం నుంచి మినహాయించింది. వీడియో గేమ్ పార్లర్లను లైసెన్సుతో అదుపు చెయ్యొచ్చని 1995లో శివాని కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పెట్టెను కొట్టులో పెట్టించుకునేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. మిషన్ ఒకరిదైనా, పోలీసులు ముందు అడిగేది కొట్టు ఎవరిదని.

నా మట్టుకు నాకు బరువు మిషన్ మీద గౌరవం, కొక్కెం మిషన్ మీద కోపం. మొదటిది వేసిన ప్రతి రూపాయికీ అట్టముక్క ఇచ్చింది. రెండోదాంట్లో కొక్కెం ఎన్ని ఆటలకొకసారి గట్టిగా పట్టాలో ముందే అమర్చిపెట్టుకునే వీలుంది. మన బిళ్ళను అది అన్ని రకాలుగా పరీక్షిస్తుంది, దాని పట్టును పరీక్షించే దారి మనకు లేదు.

అమ్మాయి ప్రశ్న దగ్గరికి వస్తాను. వారం తర్వాత ఎలక్ట్రానిక్ మెక్ ఒకటి సంపాదించి, 1990ల నాటి రూపాయిని నమూనాగా బిగించి క్లాసులో పెట్టాను. పిల్లలు జేబులు ఖాళీ చేశారు. 2011లో వచ్చిన రూపాయి వేస్తే తిరిగొచ్చింది. అది 22 మిల్లీమీటర్లే, ఒంటికి పాత అర్ధరూపాయే. 2019 రూపాయి ఇంకా చిన్నది, 20 మిల్లీమీటర్లు, అదీ వెనక్కే. ఎవరో 2011 రకం రెండు రూపాయల బిళ్ళ వేశారు. టక్కున లోపలికి పోయింది. ప్రశ్న అడిగిన అమ్మాయి రెండు బిళ్ళల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "సార్, దానికి రూపాయే తెలవదు" అంది.

రెండూ 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు, ఒకే ఉక్కు. మీ కొట్టులో ఎవరైనా రెండు రూపాయల మిషన్ పెడతామని వస్తే, లోపల నమూనాగా బిగించిన బిళ్ళ ఏ సంవత్సరానిదో చూడండి. 2011 రకానిదైతే పాత రూపాయి దానికి రెండు రూపాయలుగా చెల్లుతుంది.