అమ్మ చెప్పుకోని ఉద్యోగం

"మీ అమ్మాయి బెంగుళూరులో ఏం చేస్తుందమ్మా?" అని చిత్తూరులో ఎవరైనా అడిగితే, "హోటల్లో ఉద్యోగం" అని మా అమ్మ మాట మార్చేస్తుంది. అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. నేను సొమెలియేని. ఫ్రెంచి మాట లెండి! భోజనానికి వచ్చినవాళ్లకు, వాళ్లు తినే వంటకానికి నప్పే వైన్ ఎంచి, పోసివ్వడం నా పని.

అమ్మ మొహమాటానికి కారణముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించాక, ఆ ఉద్యమం మా జిల్లాకీ పాకింది. చీపుర్లు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్లలో అమ్మ ఒకతె. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించిననాడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అలాంటి తల్లికి ఇలాంటి కూతురు!

అందుకేనేమో, "ద్రాక్షరసమే కదా" అని నేనెవరినీ మభ్యపెట్టను. వైన్‌లో సాధారణంగా నూటికి 12 నుంచి 14 పాళ్లు మద్యం ఉంటుంది. సీసాల పేర్లు గడగడా అప్పజెప్పి బెదరగొట్టనూ బెదరగొట్టను. "మామిడిపళ్లలో మీకేది ఇష్టం?" అని అడుగుతాను. చిత్తూరు పిల్లకి అంతకన్నా ఏం తెలుస్తుంది! కాస్త పులుపున్న బెంగుళూరా అంటే ఒక రకం వైట్ వైన్, మగ్గిన బంగినపల్లి అంటే కొంచెం తీపి ఉన్నది. నాటుకోడి పులుసుతో రెడ్ వైన్ అడిగితే మాత్రం వద్దని చెబుతాను. అందులోని వగరు కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. రెడ్‌ని గది వేడిలోనే తాగాలంటారు కానీ, ఆ గది యూరప్‌ది. పదహారు, పద్దెనిమిది డిగ్రీలన్న మాట. మన ఎండలకు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

మొదటి గుక్క రుచి చూడమని మగవాళ్లకే పోయడం అలవాటు. నేను "ఎవరు చూస్తారండీ?" అని అడిగి ఆగుతాను. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అప్పుడప్పుడూ ఒకావిడ చెయ్యి చాపుతుంది.

ఓసారి ఎనిమిదిమంది వచ్చారు. అందులో ఒక జంట ఆ ముందురోజే తిరుపతి కొండకెళ్లి దర్శనం చేసుకొచ్చారట. ఆమె వద్దంటుంటే భర్త, "నలుగురిలో నా పరువు తీయకు, ఒక్క గుక్కకి ఏమైపోతావు" అని గ్లాసు ఆమె ముందుకి తోశాడు. ఆమె కళ్లు దించేసుకుంది. గెస్టుకి ఎదురుచెప్పకూడదు, మా ఉద్యోగంలో మొదటి పాఠం అదే. "ఈ గ్లాసు సరిగ్గా తుడవలేదు సార్, మార్చి తెస్తాను" అని తీసుకెళ్లి, నా కోసం దాచుకున్న నన్నారి షర్బత్‌ని అలాంటి గ్లాసులోనే పోసి తెచ్చాను. రంగు చూసి ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె ఒక గుక్క తాగి, తలెత్తి నావైపు చూసింది. వెళ్లేటప్పుడు ఏమీ అనలేదు, నా చెయ్యి నొక్కి వెళ్లింది.

ఆ రాత్రి ఫోన్‌లో ఇదంతా చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ నన్నారి యాడ కొన్నావు?" అంది.

"ఇక్కడే, అంగట్లో."

"అది బాగుండదు. ఈసారి వచ్చినప్పుడు రెండు సీసాలు చేసిస్తా, పట్టకపో."