సిగ్నల్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

అమెరికాలో 1970ల నాటి ఫోర్డ్ ఎఫ్-100 లాంటి పాత పెట్రోలు ట్రక్కు రోడ్డు మీద బాగానే పరుగెత్తి, సిగ్నల్ దగ్గర టప్పున ఆగిపోతుంటుంది. ఎందుకు?

యాక్సిలరేటర్ వదలగానే, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్‌లోని థ్రాటిల్ పలక దాదాపు మూసుకుంటుంది. ఇక పెట్రోలు పలక కిందున్న సన్నని రంధ్రంలోంచే రావాలి. అందులో పిసరంత మడ్డి చేరినా ఇంజన్‌కు పస్తే!

ఎలా కనిపెట్టాలి? ఇంజన్ నడుస్తుండగా, ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలును తగ్గించే ఐడిల్ మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతారు. ఇంజన్ తడబడితే రంధ్రం బాగున్నట్టే. ఏ మార్పూ లేకపోతే పూడిందని అనుమానించాలి.

రంధ్రం బాగుంటే ఇంజన్‌కు తగిలించిన రబ్బరు గొట్టాల దగ్గర చెవి పెట్టాలి. 'స్‌స్‌' మంటే పగుల్లోంచి గాలి దూరుతోంది. గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి చాలు. మరీ ఎక్కువైతే మంట నిలవదు. వేగంలో ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. ఇంజన్ ఫ్యాన్ తిరుగుతుంటుంది కాబట్టి ఇదంతా పెద్దవాళ్లు చేస్తుంటే దూరం నుంచి చూడండి.