హోరులో లేని పాట

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 44 మంది విద్యార్థులకు బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ వినిపించారు. తర్వాత హెడ్‌ఫోన్లలో స్టేషను దొరకని రేడియోలా ఒకటే హోరు. ఇందులో ఆ పాట సన్నగా కలిసి ఉండొచ్చు, వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. నిజానికి అందులో పాట లేనే లేదు. అయినా 14 మంది ఒక్కసారైనా బటన్ నొక్కారు.

పరిశోధకుల్ని మెప్పించడానికి నొక్కారేమో అనిపిస్తుంది. 2001లో వెలువడిన ఆ అధ్యయనం దాన్నీ పరీక్షించింది. మెప్పుకోసం పాకులాడే గుణానికీ దీనికీ సంబంధం కనబడలేదు. ఊహల్లో మునిగితేలే స్వభావానికి మాత్రం కనబడింది.

చెవి పంపినదాన్ని మెదడు ఉన్నదున్నట్టు తీసుకోదు. ఏం వినిపించబోతోందో ముందే అంచనా వేసుకుని దాంతో పోల్చి చూస్తుంది. శబ్దం స్పష్టంగా ఉంటే తప్పుడు అంచనా అక్కడికక్కడే వీగిపోతుంది. హోరులో ఆ అవకాశం తక్కువ. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు మధ్య ఫోను మోగినట్టనిపించి తడి చేతులతో బయటికి రావడం చాలామందికి తెలిసిందే. ఎవరి ఫోనుకోసమో ఎదురుచూస్తున్న రోజైతే ఇక చెప్పక్కర్లేదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని 2017లో ఇంకా లోతుగా చూశారు. తెరమీద గళ్ళ బొమ్మ కనిపించినప్పుడల్లా ఓ చిన్న ‘బీప్’ వినిపించి రెంటికీ ముడిపెట్టారు. తర్వాత చాలాసార్లు బీప్ లేకుండా బొమ్మ ఒక్కటే చూపించారు. చాలామందికి లేని బీప్ వినిపించింది. పక్కన ఎవరూ లేకున్నా రోజూ గొంతులు వినేవాళ్ళకైతే దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా వినిపించింది. వాళ్ళలో మానసిక రోగులే కాదు, ఏ జబ్బూ లేకుండా గొంతులు వినేవాళ్ళూ ఉన్నారు. పైగా ఆ క్షణాన స్కానరులో, నిజమైన శబ్దానికి స్పందించే మెదడు భాగాలే చురుగ్గా కనిపించాయి. వాళ్ళది నటన అనడం అన్యాయం.

వినిపించడమే కాదు, ఏం వినిపిస్తుందన్నదీ పెరిగిన చోటును బట్టి మారుతుందేమో. మానవశాస్త్రవేత్త తాన్యా లూర్‌మన్ బృందం కాలిఫోర్నియాలో, ఘనా రాజధాని అక్రాలో, చెన్నైలో ఇలా గొంతులు వినే మానసిక రోగులు ఇరవయ్యేసి మందితో మాట్లాడింది. అమెరికన్లకు ఎక్కువగా వినిపించినవి హింసకు పురిగొల్పే అపరిచిత గొంతులు. అక్రాలో చాలామందికి దేవుడు పలికాడు. చెన్నైలో సగానికి పైగా మంది విన్నది బంధువుల గొంతులే. వాళ్ళు తిట్టేవాళ్ళు కూడా. కానీ వంట చెయ్యమనీ, స్నానం చెయ్యమనీ ఇంటి పెద్దల్లా పురమాయించేవాళ్ళు.