సముద్రం అడుగుకి... ఏ కార్డుతో?

అండమాన్ వెళ్లొచ్చిన వాళ్లని కదిపితే చాలు, సెల్‌ఫోన్ తీసి ఓ ఫొటో చూపిస్తారు. ముఖానికి మాస్కు, వీపున సిలిండరు, చుట్టూ రంగురంగుల చేపలు. ‘స్కూబా చేసొచ్చాం’ అంటారు గర్వంగా. నిజానికి వాళ్లలో చాలామంది చేసింది ‘ట్రై డైవ్’. ఒడ్డు దగ్గర కాసేపు పాఠం, ఆనక ఇన్‌స్ట్రక్టరే పట్టుకుని నీళ్లలో తిప్పి తీసుకొస్తాడు. బండి వెనక సీట్లో కూర్చుని ఊరు చుట్టి రావడం లాంటిదన్నమాట. హ్యాండిల్ మన చేతికి రావాలంటే మాత్రం లైసెన్సు కావాలి. స్కూబాలో దాని పేరు సర్టిఫికేషన్ కార్డు.

చిక్కు మొదలయ్యేది అక్కడే. ఒకప్పుడు హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌కి వెళ్తే ఒక దుకాణం బోర్డు మీద ప్యాడీ అని ఉంటుంది, ఇంకోదాని మీద ఎస్ఎస్ఐ అని. ఏది మంచిది? ఎవరినడిగితే వాళ్లు తమదే గొప్పంటారు!

ఏమిటీ ప్యాడీ?

ప్యాడీ అంటే వడ్లు కాదు... ప్రొఫెషనల్ అసోసియేషన్ ఆఫ్ డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్స్. 1966లో అమెరికాలో జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ అనే ఇద్దరు మిత్రులు మొదలుపెట్టారు. ఇప్పుడు ఈ రంగంలో అన్నిటికన్నా పెద్దది అదే. ఎస్ఎస్ఐ పుట్టింది 1970లో. అంతకన్నా ముందువీ ఉన్నాయి. బ్రిటన్‌లో బీశాక్ 1953 నాటిది. 1959లో మొనాకోలో ఏర్పడిన సీమాస్‌కి తొలి అధ్యక్షుడు, సముద్రగర్భాన్ని సినిమాలతో ప్రపంచానికి చూపించిన జాక్ కూస్తో. మరుసటేడు అమెరికాలో నావి వచ్చింది. వీటిలో ఏదీ ప్రభుత్వం కాదు. కార్డు కూడా రవాణా శాఖ ఇచ్చే లైసెన్సు లాంటిది కాదు. ఈ మనిషికి ఇంతవరకూ నేర్పాం అని ఓ సంస్థ ఇచ్చే హామీ, అంతే.

మరి ఎవరికి తోచినట్టు వాళ్లు నేర్పుతారా అంటే, అలాగేం లేదు. ఐఎస్ఓ 24801 అని ఓ అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తోటి డైవర్‌తో కలిసి 20 మీటర్ల లోతు వరకూ సొంతంగా దిగి రావాలంటే కనీసం ఏమేం వచ్చి ఉండాలో అది చెబుతుంది. పెద్ద సంస్థల తొలి కోర్సులన్నీ ఇంచుమించు ఆ గీత మీదే నడుస్తాయి. ప్యాడీ, ఎస్ఎస్ఐల ‘ఓపెన్ వాటర్ డైవర్’కి పరిమితి 18 మీటర్లు. సీమాస్ ‘వన్ స్టార్’కి 20. అందుకే ఒక సంస్థ కార్డుతో వెళ్లినా మరో సంస్థ కేంద్రంలో మామూలుగా కాదనరు.

తేడాలున్నది నేర్పే తీరులో. ప్యాడీలో పాఠ్యక్రమం ఎక్కడైనా ఒకటే. అందులో లేని పరీక్ష పెట్టి, అది పాసైతేనే కార్డిస్తానని ఇన్‌స్ట్రక్టర్ అనకూడదు. నావి మాత్రం ఆ స్వేచ్ఛ ఇస్తుంది. పైగా ‘నీ ఇంట్లో మనిషిని ఈ శిష్యుడికి జోడీగా నీళ్లలోకి పంపగలవా?’ అని ఇన్‌స్ట్రక్టర్ తనను తాను ప్రశ్నించుకోవాలట. మనసొప్పకపోతే కార్డు ఇవ్వక్కర్లేదు. ఎస్ఎస్ఐ ఇన్‌స్ట్రక్టర్ ఏదో ఒక గుర్తింపు ఉన్న కేంద్రం తరఫునే పాఠం చెప్పాలి. ప్యాడీలో విడిగానూ చెప్పుకోవచ్చు. బీశాక్‌ది క్లబ్బుల పద్ధతి, చాలాచోట్ల నేర్పేవాళ్లు జీతం లేని స్వచ్ఛంద సభ్యులే. వారం రోజుల సెలవు మీద వెళ్లే మనవాళ్లకి అది కుదిరే పని కాదు.

ఊపిరి బిగబడితే...

ఈ ప్రమాణాల గొడవంతా ఎందుకంటే ఊపిరితిత్తుల కోసం. పది మీటర్ల లోతులో ఒత్తిడి నీటిపై ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తి చిట్లొచ్చు. గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్లొచ్చు. ఇందుకు అంత లోతు కూడా అక్కర్లేదు, ఈతకొలను చాలు. బావుల్లో, కాలవల్లో ఈత నేర్చినవాళ్లకి మునిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టడమే అలవాటు. స్కూబాలో ముందుగా మానుకోవాల్సింది దాన్నే. మాస్కులోకి నీళ్లొచ్చినా, నోట్లోని రెగ్యులేటర్ ఊడినా కంగారుపడి పైకి దూసుకురాకుండా అక్కడే సర్దుకోవడం చేతికి అలవాటవ్వాలి. అది ఒక పూటలో వచ్చేది కాదు. ఓపెన్ వాటర్ కోర్సు మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ప్యాడీలో 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలాలి, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి. ‘రెండ్రోజుల్లో కార్డు చేతిలో పెడతాం’ అన్నారంటే ఏదో ఎగ్గొడుతున్నారేమోనని అనుమానించాల్సిందే, బోర్డు మీద ఎవరి పేరున్నా సరే.

కాబట్టి ఆరా తీయాల్సింది సంస్థ గురించి కన్నా ఇన్‌స్ట్రక్టర్ గురించి. ఒక్కసారి ఎంతమందిని దించుతారు? ప్యాడీ ఓపెన్ వాటర్‌లో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎనిమిది మంది శిష్యులే గరిష్ఠం. నలుగురే ఉంటే మరీ మంచిది. ఆయన సభ్యత్వం ఇప్పటికీ చెల్లుతోందా అన్నది నంబరు కొట్టి సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పాఠం మీకు అర్థమయ్యే భాషలో చెబుతారో లేదో కూడా కనుక్కోండి. నీళ్లలోకి దిగాక అంతా సైగలే, సందేహాలు తీర్చుకోవాల్సింది ఒడ్డునే! ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగే ఆరోగ్య పత్రం ఇవ్వకుండానే సిలిండరు తగిలిస్తుంటే అక్కడినుంచి వచ్చేయడం మేలు. ఆ పత్రంలో అబద్ధం రాయడం అంతకన్నా తప్పు.

పేర్ల దగ్గరా జాగ్రత్త. ‘స్కూబా డైవర్’ అంటే పూర్తి కోర్సనుకుంటారు కానీ, అది సగం కోర్సే. ఆ కార్డుతో 12 మీటర్లకు మించకూడదు, అదీ నిపుణుడి వెంటే. పిల్లలకు పదేళ్లు నిండితే జూనియర్ కార్డు ఇస్తారు. ప్యాడీ లెక్కలో పదీ పదకొండేళ్ల వాళ్లు అమ్మానాన్నల్లో కార్డున్నవారితోనో, నిపుణుడితోనో మాత్రమే దిగాలి. వాళ్లకీ హద్దు 12 మీటర్లే.

అండమాన్ వెళ్లేవాళ్లు తిరుగు విమానం టిక్కెట్టు కూడా చూసి కొనుక్కోవాలి. ఒక్క డైవే చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అందుకే ఆఖరి రోజుని తెలిసినవాళ్లు షాపింగ్‌కి అట్టేపెట్టుకుంటారు.