అమ్మమ్మ వైద్యం గురించి అమ్మమ్మనూ అడుగుదాం



ప్రతి అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ గురించి వింటుంటాం. ఆ మాటలన్నీ ఎక్కువగా అమ్మల గురించే. రోజూ పిల్లలను మన స్కూల్ గేటు దాకా తీసుకొచ్చే అమ్మమ్మలు, నానమ్మల గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నిజానికి వయసుతోపాటు ఈ జబ్బు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

రెండేళ్ల క్రితం మా అమ్మమ్మకు రొమ్ములో గడ్డ ఉందని తెలిసింది. అప్పుడు ఆమెకు 74 ఏళ్లు. నొప్పి లేదని నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. "ఈ వయసులో కోతలెందుకు, ప్రశాంతంగా ఉండనీండి" అన్నాడు మామయ్య. "ఎంత ఖర్చయినా అన్నీ చేయించాల్సిందే" అంది అమ్మ. పక్క గదిలోంచి అమ్మమ్మ అడిగింది: "నా ఒంటి సంగతి నన్నడక్కుండా మీరెట్టా తేలుస్తారు?"

తర్వాత డాక్టర్ల దగ్గర కూర్చున్నాక, ఇద్దరి మాటా పూర్తిగా సరికాదని అర్థమైంది.

వయసు ఒక్కటే చూసి వైద్యం మానేయకూడదు. గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయి, తన పనులు తాను చేసుకోగలదా, జ్ఞాపకశక్తి బాగుందా అన్నవి వయసు కంటే ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న 75 ఏళ్ల మనిషి ఆపరేషన్ తట్టుకోగలదు. వదిలేస్తే గడ్డ పుండు కావచ్చు. అప్పుడు ప్రశాంతత ఎక్కడిది?

అలాగని అన్ని వైద్యాలూ అందరికీ అక్కర్లేదు. బయాప్సీ ముక్కలో హార్మోన్ రిసెప్టర్ పరీక్ష చేస్తారు. పెద్ద వయసు వారిలో ఎక్కువ మందికి ఇది పాజిటివ్ వస్తుంది. అలాంటివారికి రోజుకో మాత్ర బాగా పనిచేస్తుంది. ప్రైమ్-2 అనే పరిశోధనలో 65 ఏళ్లు దాటి, చిన్న గడ్డ ఉన్న 1,326 మంది ఇలాంటి మహిళలను పరిశీలించారు. అందరికీ గడ్డ తీసి, మాత్రలిచ్చారు. సగం మందికే రేడియేషన్ ఇచ్చారు. పదేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. రేడియేషన్ లేనివారిలో 9.5 శాతం మందికి, తీసుకున్నవారిలో 0.9 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. బతికున్నవారు మాత్రం రెండు వైపులా దాదాపు 81 శాతమే. అంటే ఇక్కడ ఆమె ఇష్టానికి చోటుంది. కానీ మాత్ర మానకూడదు. లెట్రోజోల్ లాంటి మాత్రలు ఎముకలను బలహీనపరుస్తాయి కాబట్టి ఆ పరీక్షలూ అవసరం.

బాగా నీరసించి ఆపరేషన్ తట్టుకోలేనివారికి మాత్రతోనే జబ్బును కొంతకాలం అదుపులో ఉంచవచ్చు. రిసెప్టర్ నెగటివ్ అయితే ఈ మాత్రలు పనిచేయవు. అప్పుడు కీమో గురించి మాట్లాడాలి.

బిట్రగుంట నుంచి వెళ్లేవాళ్లం ప్రయాణం సంగతీ ఆలోచించాలి. నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చెన్నైలో 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రేడియేషన్ అంటే చాలాచోట్ల మూడు వారాలు, వారానికి అయిదు రోజులు తిరగాలి. ఖర్చుకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఏర్పాటు 2024 అక్టోబరులో మొదలైంది.

డాక్టరును ఈ నాలుగూ అడగండి:

1. రిసెప్టర్ పరీక్షలో ఏమొచ్చింది?
2. ఈ వైద్యం వల్ల ఆయుష్షు పెరుగుతుందా, తిరగబెట్టకుండా ఆపుతుందా?
3. చేయించకపోతే ఏమవుతుంది?
4. ఆమె ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగర్ మందులతో ఇబ్బంది ఉందా?

అయిదో ప్రశ్న మాత్రం అమ్మమ్మకే: "నీకేం కావాలి?"

మా అమ్మమ్మ ఆపరేషన్‌కు, మాత్రకు ఒప్పుకుంది. డాక్టరుతో మాట్లాడాక రేడియేషన్ వద్దంది. ఇప్పుడు రోజూ రాత్రి భోజనం అయ్యాక మా అన్నయ్య కూతురు మాత్ర అందిస్తుంది. అది దేనికో ఆ పిల్లకూ తెలుసు.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడిగి చూడండి. నొప్పి లేని గడ్డ గురించి వాళ్లంతట వాళ్లు చెప్పరు.