ఆయిల్ స్టోర్ కీపర్ రాజైన కథ: చెన్ వంశం మొదటి ఇద్దరు

పోయిన ఎపిసోడ్‌లో దక్షిణ చైనాను ఏలిన చెన్ వంశం గురించి చెప్పిన. 557లో మొదలై 589లో అయిపోయింది, మొత్తం 32 ఏళ్ళు. విన్నాక కొందరు వాయిస్ మెసేజ్ పెట్టిన్రు: "అన్నా, పేర్లన్నీ కలిసిపోయినయ్, కొంచెం రాసి పెట్టు." అందుకే కూర్చొని రాస్తున్న. నేను హిస్టరీ సార్‌ను కాదు, ఐటీఐ చదివి సైట్‌లో సూపర్‌వైజర్ పని చేసేటోణ్ణి. నాకు అర్థమైన తీరుగ చెప్త.

మొదటి రాజు పేరు చెన్ బాషియాన్. 503లో పుట్టాడు. పెద్ద ఇంటి బిడ్డ కాదు. ఊళ్ళో చిన్న పెద్దరికం చేశాడు, తర్వాత రాజధాని జియాన్‌కాంగ్‌కు పోయి ఆయిల్ స్టోర్ చూసుకునే చిన్న కొలువులో చేరాడు. ఇప్పటి నాన్‌జింగే ఆ జియాన్‌కాంగ్. అప్పుడు అక్కడ లియాంగ్ వంశం పాలన. రాజకుటుంబానికి చెందిన ఒక అధికారికి దక్షిణాన గ్వాంగ్‌జౌలో పోస్టింగ్ వస్తే, ఆయన వెంట ఇతనూ పోయాడు. ఇల్లు వదిలి దూరం పోయినంకనే ఇతని దశ తిరిగింది. అక్కడ సైన్యంలో పేరు తెచ్చుకున్నాడు. ఇప్పటి ఉత్తర వియత్నాంలో లీ బీ అనే నాయకుడు తిరగబడితే, ఆ తిరుగుబాటును అణచిన సేనానుల్లో ఇతనొకడు.

548లో లియాంగ్ రాజ్యం మీద పిడుగు పడింది. ఉత్తరాది నుంచి వచ్చి ఆశ్రయం పొందిన హౌ జింగ్ అనే సేనాని, అన్నం పెట్టిన రాజు మీదికే తిరిగాడు. రాజధానిని ముట్టడిస్తే లోపల జనం ఆకలితో చచ్చారు. ముసలి చక్రవర్తి కూడా 549లో బందీగానే ప్రాణం విడిచాడు. చెన్ బాషియాన్ దక్షిణం నుంచి సైన్యంతో బయలుదేరి, వాంగ్ సెంగ్‌బియాన్ అనే ఇంకో సేనానితో కలిసి 552లో రాజధానిని తిరిగి గెలిచాడు.

ఇతనేం దేవుడు కాదు. ఉత్తర చీ రాజ్యం చెప్పిన మనిషిని వాంగ్ గద్దె ఎక్కిస్తే, 555లో రాత్రికి రాత్రి దాడి చేసి, కలిసి పోరాడిన ఆ వాంగ్‌నే చంపించాడు. ఒక పిల్లవాణ్ణి రాజుగా కూర్చోబెట్టాడు, 557లో అతణ్ణి దించి తానే గద్దె ఎక్కాడు, తర్వాతి ఏడు ఆ పిల్లవాడి ప్రాణమూ తీయించాడు. తన ఇంటిపేరు చెన్‌నే రాజ్యానికీ పెట్టాడు.

ఎపిసోడ్‌లో అందరికీ నచ్చింది అన్నం మూటల ముచ్చట. 556లో ఉత్తర చీ సైన్యం నది దాటి రాజధాని దాకా వచ్చింది. వాన ఆగదు, నేలంతా బురద, దారులు బంద్, సైనికులకు తిండి లేదు. అప్పుడు బాషియాన్ అన్న కొడుకు చెన్ చియాన్ బియ్యమూ వెయ్యి బాతులూ పంపాడు. అన్నం వండి తామరాకుల్లో మూట కట్టి, పైన బాతు మాంసం ముక్కలు పెట్టి మనిషికింత పంచారు. తెల్లారక ముందే తిని పోయి గెలిచారు. పొద్దున నాలుగింటికి క్యాంపులో డబ్బా కట్టుకొని బస్సెక్కే మనకు ఇది వేరే చెప్పాల్నా? కడుపు నిండితేనే చెయ్యి లేస్తది.

రాజైనా అతను తినేది మట్టి గిన్నెల్లో, ఆల్చిప్ప పళ్ళేల్లో. కానీ రెండేళ్ళు కూడా ఏలలేదు, 559లో పోయాడు.

ఇక్కడే అసలు కష్టం. అతనికి మిగిలింది ఒక్కడే కొడుకు, చెన్ చాంగ్. 554లో జియాంగ్‌లింగ్ నగరం పడిపోయినప్పుడు ఉత్తరాది సైన్యం అతణ్ణి చాంగాన్‌కు బందీగా పట్టుకుపోయింది. తండ్రి రాజై పంపమని అడిగినా వాళ్ళు సరే సరే అంటూ పంపలేదు. తండ్రి పోయినంక వదిలారు. అప్పటికి గద్దె మీద దగ్గరున్న చెన్ చియాన్ కూర్చున్నాడు. 560లో కొడుకు తిరిగొస్తుంటే, తీసుకురావడానికి పోయిన సేనాని యాంగ్జీ నది నడుమ అతణ్ణి ముంచి చంపాడు.

ఈ ముక్క రికార్డ్ చేస్తుంటే నా గొంతు ఆగింది, మీరు విన్నరు. మా నాయిన పోయినప్పుడు నాకు లీవు దొరికి, టికెట్ దొరికి ఊరు చేరేసరికి మూడో రోజు. అన్ని పనులు మా చిన్నాయిన కొడుకు చేసిండు. నాకు వానిమీద కోపం లేదు. కానీ దూరమున్నోని జాగల దగ్గరున్నోడు నిలబడతడు, అది ఎక్కడైనా అంతే.

మరి ఆ చెన్ చియాన్ చెడ్డ రాజా? కాదు, పనిమంతుడు. ఎదురు తిరిగిన సేనానులను, ఊళ్ళ దొరలను ఒక్కొక్కరినే అణచి, రాజ్యాన్ని ఒక దారికి తెచ్చాడు. రాత్రి జాము గుర్తు చేసే పుల్లలు తెచ్చే మనిషికి ఒక ఆర్డర్ ఇచ్చాడు: వాటిని రాతి మెట్ల మీద ఠంగుమనేలా పడెయ్, నిద్రపోతే నాకు మెలకువ రావాలె అని. 566లో పోయాడు. రెండేళ్ళకే అతని కొడుకును సొంత బాబాయి చెన్ షూ దించేశాడు. ఇతనూ చాంగాన్‌లో బందీగా ఉండి వచ్చినవాడే.

ఇంత కష్టపడ్డా 32 ఏళ్ళే ఎందుకు? పడిపోయిన బిల్డింగ్‌ను వేరే కాంట్రాక్టర్ నుంచి తీసుకున్నట్టు అనుకోండి. చెన్ రాకముందే సిచువాన్, జియాంగ్‌లింగ్, యాంగ్జీకి ఉత్తరాన ఉన్న భూమి చేజారినయ్. దక్షిణ రాజవంశాల్లో అన్నిటికన్నా చిన్న రాజ్యం ఇదే. ఆఖరి రాజు చెన్ షూబావ్ భోగాల్లో మునిగాడు, 589లో సుయి సైన్యం వస్తే బావిలో దాక్కున్నాడు, దొరికిపోయాడు. అందరూ తప్పు అతని మీదే వేస్తరు. కానీ పునాది చూడకుండా పైస్లాబు మేస్త్రీనే తిడితే ఎట్ల?

ఇంటికి దూరమున్న తమ్ముళ్ళకు ఒకటే మాట: ఈ రాత్రి ఇంటికి ఒక ఫోన్ చెయ్యుండ్రి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.